రాత్రి అమ్మానాన్నల్ని చూసుకుని పొద్దున డ్యూటీకి వెళ్ళేవాళ్ళు నిద్ర ఎలా దక్కించుకోవాలి

మా నాన్నకి 78 ఏళ్ళు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, రాత్రి నాలుగైదు సార్లు బాత్రూంకి లేస్తారు, ఒక్కరే వెళ్తే ఎక్కడ పడిపోతారో అని ప్రతిసారీ నేనూ లేచేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు కూకట్‌పల్లిలో సిగ్నల్ దగ్గర ఆగిన బండి మీదే కళ్ళు మూతపడ్డాయి, వెనకవాళ్ళు హారన్ కొడితే గానీ తెలివి రాలేదు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలాగే తడబడతాడని పరీక్షల్లో తేలింది, మన దగ్గర బండి నడపడానికి లిమిట్ 0.03. అంటే నేను రోజూ ఏ స్థితిలో రోడ్డెక్కుతున్నానో అప్పుడు అర్థమైంది.

ముందు ఒక వారం పాటు నోట్‌బుక్ పెట్టి రాయండి, ఎన్నింటికి లేచారు, ఎందుకు లేచారు, పడుకునే ముందు ఏం తాగారు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. మా ఇంట్లో అసలు సంగతి అక్కడే దొరికింది. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేస్తున్నాం, పైగా నాన్న పొద్దంతా కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని టీవీ ముందు కూర్చుంటారు, కాళ్ళలోకి దిగిన నీరంతా పడుకోగానే పైకొచ్చి మూత్రమైపోతుంది. డాక్టర్‌కి ఆ నోట్‌బుక్ చూపిస్తే మాత్ర పొద్దుటికి మార్చారు (మీ అంతట మీరు మార్చకండి, ప్లీజ్), మధ్యాహ్నం ఓ గంట దిండు మీద కాళ్ళు ఎత్తిపెట్టి ఊరికే నడుం వాల్చమన్నారు, ఏడు దాటాక టీ మాన్పించాం. నాలుగైదు సార్లు కాస్తా రెండుసార్లకి వచ్చింది. షుగర్ ఎక్కువున్నా, ప్రోస్టేట్ పెరిగినా ఇలాగే లేస్తారు కాబట్టి వయసు కదా అని వదిలేయకుండా చూపించండి.

మంచం పక్కన యూరిన్ పాట్, నేల మీద వెలుగు పడేలా మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు, చేతికి అందేలా కాలింగ్ బెల్, బాత్రూంలో పట్టుకోడానికి రాడ్. పాట్ అంటే నాన్న మొదట ఒప్పుకోలేదు, చిన్నతనంగా ఫీలయ్యారు, మనం బలవంతపెట్టకూడదు, డాక్టర్‌తో చెప్పిస్తే విన్నారు.

ఇక వంతులు. దీన్ని గట్టిగా చెప్తున్నా, రాత్రంతా ఒక్కరి మీదే వేయకండి, చాలా ఇళ్ళల్లో ఆ ఒక్కరు కోడలో కూతురో అవుతారు, వాళ్ళకీ పొద్దున పని ఉంటుంది. మేం పది నుంచి రెండు వరకు ఒకరు, రెండు నుంచి ఆరు వరకు ఒకరు చూస్తాం, వంతు లేనివాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటారు. మొదటి వంతు నాదైతే మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చాక ఓ కునుకు తీస్తా, మన వయసువాళ్ళకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలి, ముక్కలు ముక్కలుగా పడుకున్న ఏడు గంటలు తెంపు లేకుండా పడుకున్న ఏడు గంటలతో సమానం కాదు.

అమెరికాలో అన్నో అక్కో ఉంటే వాళ్ళకీ వంతు ఇవ్వండి. మా అన్న డల్లాస్‌లో ఉంటాడు, మనకి అర్ధరాత్రి అంటే వాళ్ళకి మధ్యాహ్నం, వారానికి మూడు రాత్రులు నాన్న గది కెమెరా వాడే చూస్తాడు, నాన్న లేచి కూర్చుంటే నాకు ఫోన్ చేస్తాడు, లేకపోతే నేను నిశ్చింతగా పడుకుంటా. కెమెరాకి ముందు నాన్న పర్మిషన్ అడిగాం, మంచం వైపు తప్ప ఇంకెటూ తిప్పలేదు.

నైట్ షిఫ్ట్ వాళ్ళయితే పొద్దున ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, ఎండ కంట్లో పడితే నిద్ర చెదిరిపోతుంది, గదికి మందపాటి కర్టెన్ వేయండి, గ్యాస్ బండ వచ్చిందనో కొరియర్ వచ్చిందనో లేపొద్దని ఇంట్లో ముందే చెప్పండి.

పెద్దాయన పడుకుంటే మనమూ పడుకోవచ్చని మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చి వేయకండి, ఆ మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది. దాని బదులు పొద్దున ఎండలో కాసేపు నడిపించడం, పగటి నిద్ర అరగంటకి మించకుండా చూడటం మా నాన్నకి బాగా పనిచేసింది. ఉన్నట్టుండి రాత్రుళ్ళు తికమకగా మాట్లాడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే తెల్లారేదాకా కూడా ఆగకండి, యూరిన్ ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, పక్షవాతం ఏదైనా అయ్యుండొచ్చు, ఇంట్లో మిషన్ ఉంటే షుగర్ చూసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, మూతి వంకర పోయినా చెయ్యి లేవకపోయినా 108కి చేయండి.