కుట్టుమిషను నుంచి పైమెట్టుకు, అక్కడి నుంచి కిందికి: 1900ల నాటి న్యూయార్క్ పేదపిల్ల కథ రాయడం ఎలా

ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల అమెరికాలో కటిక పేదరికం నుంచి పైకి వచ్చి, సంపాదించుకున్నదంతా పోగొట్టుకున్న ఒక యువతి కథ రాయదలచినవారు ఆమెకు పేరు పెట్టకముందే సంవత్సరం తేల్చుకోవాలి. న్యూయార్క్‌లో భూగర్భ రైలు తిరగడం మొదలైంది 1904 అక్టోబరులో. ఆ రాష్ట్రంలో స్త్రీలకు పూర్తి ఓటు హక్కు దక్కింది 1917లో. కథను 1906లో మొదలుపెడితే మరుసటి ఏడే బ్యాంకుల సంక్షోభం వచ్చి పడుతుంది. 1909లో మొదలుపెడితే, ఆ నవంబరులో కూపర్ యూనియన్ అనే విద్యాసంస్థలో జరిగిన సభలో క్లారా లెమ్లిక్ అనే కుట్టుపని యువతి యిడ్డిష్‌లో (తూర్పు ఐరోపా యూదుల భాష) ఇచ్చిన పిలుపుతో, ఆడవారి చొక్కాలు కుట్టే వేలాది మంది అమ్మాయిలు మిషన్లు వదిలి వీధిలోకి వచ్చిన సమ్మెను మీ నాయిక తప్పించుకోలేదు.

సంవత్సరం తేలాక పద్దుపుస్తకం తెరవండి. ఆమెకు వారానికి 6 డాలర్లు వస్తాయనుకుందాం. రైలు ఛార్జీ ఒక వైపుకు 5 సెంట్లు కాబట్టి, ఆరు రోజులు రానుపోను 60 సెంట్లు, అంటే జీతంలో పదో వంతు, ప్రయాణానికే పోతుంది. అందువల్ల ఆమె నడుస్తుంది. నడుస్తుంది కాబట్టి చెప్పులు త్వరగా అరుగుతాయి. చాలా కుట్టు కర్మాగారాల్లో సూదులకూ దారానికీ జీతంలోంచే కోత పెట్టేవారు, ఆలస్యమైతే జరిమానా వేసేవారు. ఇరుకు గదిలో తన వంతు అద్దె, ఇంట్లో ఇవ్వవలసినది, తిండి ఖర్చు తీసివేసి మిగులు ఎంతో తేలేదాకా దయచేసి ఆమెకు కొత్త టోపీ కొనిపెట్టకండి.

పైకి వచ్చే దారి విషయంలో రచయితకు మొదట తోచేది ధనవంతుడితో పెళ్లి. అలా జరగలేదని కాదు. క్లీవ్‌లాండ్‌లో చుట్టలు చుట్టిన రోజ్ పాస్టర్ 1903లో న్యూయార్క్‌కు వచ్చి ఒక యిడ్డిష్ పత్రికలో చేరి, 1905లో కోటీశ్వరుల ఇంటి స్టోక్స్‌ను పెళ్లాడింది, 1925లో విడాకులయ్యాయి. కానీ ఇటువంటి పెళ్లి ఒక్క గంతులో పైమెట్టు ఎక్కించేస్తుంది, మధ్య మెట్లు కనబడవు. నా మటుకు నాకు మిషను మీద నుంచి లేచి ఒక మిషన్ల వరుసకు మేస్త్రీ కావడమో, రాత్రిబడిలో ఇంగ్లీషూ టైపూ నేర్చి ఆఫీసు బల్ల దాకా రావడమో మేలనిపిస్తుంది. నాయిక నల్లజాతి యువతి అయితే ఈ రెండు తలుపులూ దాదాపు మూసే ఉండేవని మరవకండి. బట్టలుతికి బతికిన మేడమ్ సి. జె. వాకర్ సొంతంగా కేశసంరక్షణ సరుకుల వ్యాపారం పెట్టుకునే పైకి వచ్చింది.

పతనాన్ని తలరాతకూ నడతకూ అంటగట్టడం తేలిక, అందుకే ఎక్కువ మంది అక్కడే చతికిలబడతారు. ఆ కాలపు చట్టాన్ని వెదకండి. డిపాజిట్లకు ఫెడరల్ ప్రభుత్వం పూచీ పడింది 1933 చట్టంతో మాత్రమే. అంతకు ముందు బ్యాంకు మునిగితే చెమటోడ్చి దాచుకున్నదీ మునిగేది. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోయేది. 1922లో ఆ నియమం సడలినా, పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాసిని పెళ్లాడిన స్త్రీకి ఆ మినహాయింపు దక్కలేదు. మీ కథలో వరుడు భారతీయుడైతే ఈ ఒక్క అంశమే సగం నవల.

అగ్నిప్రమాదం రాయదలచుకుంటే 1911 మార్చి 25న తగలబడిన ట్రయాంగిల్ అనే న్యూయార్క్ చొక్కాల కర్మాగారం దగ్గర కాసేపు ఆగాలి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది, అగ్నిమాపక నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి, 146 మంది చనిపోయారు. తాళం సంగతి యజమానులకు తెలుసని రుజువు కాలేదన్న కారణంతో జ్యూరీ వారిని విడిచిపెట్టింది. 1914లో కొన్ని కుటుంబాలకు ప్రాణానికి 75 డాలర్ల చొప్పున పరిహారం ముట్టింది. మీ పద్దుపుస్తకం తీసి చూస్తే అది పన్నెండున్నర వారాల జీతం. మంటలను వర్ణించడానికి ఒక పేరా చాలు, ఈ లెక్కకు ఒక దృశ్యం కేటాయించండి.

ఇక సంభాషణ. ఇంట్లో ఆమె మాట్లాడేది యిడ్డిష్ కావచ్చు, ఇటాలియన్ కావచ్చు. దాన్ని ధారాళమైన తెలుగులో రాసి, పని దగ్గరి ఇంగ్లీషును మాత్రం తడబడే పొడి మాటలుగా ఉంచితే తేడా దానంతటదే తెలుస్తుంది. ఇంగ్లీషులో లేని సౌకర్యం మరొకటి మన చేతిలో ఉంది. మొదటి అధ్యాయంలో మేస్త్రీ ఆమెను "నువ్వు" అంటాడు. ఆమె ఆఫీసు బల్ల దాకా వచ్చాక అదే మనిషి "మీరు" అనడం మొదలుపెడతాడు. అంతా పోయి ఆమె మళ్లీ పని అడగడానికి ఆ గుమ్మం ఎక్కిన రోజున అతని నోట మొదటి మాటగా "నువ్వా?" అని రాసి, ఆ తరువాత వివరణ ఏదీ చేర్చకండి.