ఇంట్ల జంపఖానా మీద పుటింగ్ సెట్ చేసుకునుడు ఎట్ల?

మాది హన్మకొండ, గోల్ఫ్ కోర్సుకు పోవాల్నంటే హైదరాబాద్ దాకా పోవుడే, కానీ పుటింగ్ లైన్, అంటే బాల్‌ను సీదా హోల్ దిక్కు దొర్లించుడు, నేర్చుకోవాల్నంటే మన కొత్తవాడ జంపఖానా చాలు. పొడుగు చారలున్నది చూసి తీస్కొని గచ్చు మీద ముడతల్లేకుంట పర్వుండ్రి.

ముందుగాల మీ పుట్టర్ (బాల్‌ను దొర్లించే కర్ర) ఎసొంటిదో తెలుసుకోండి. షాఫ్ట్‌ను (పొడుగు కాడను) చూపుడు వేలు మీద అడ్డంగ నిలపండి, ఫేస్ (బాల్‌కు తగిలే మొఖం) పైకి సూస్తే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్, చేతులు సీదా ఎన్కకు ముందుకు పోయేటోళ్లకు మంచిగుంటది, అదే కొన కిందికి వేలాడితే టో హ్యాంగ్, జర వంపు తిరిగే స్ట్రోక్‌కు నప్పుతది. 1966ల కార్‌స్టెన్ సోల్‌హైమ్ చేసిన పింగ్ ఆన్సర్ పుట్టర్ చూడండి, బరువును రెండు కొసలకు జరిపిండు, అందుకే బాల్ నడుమ తగలకపోయినా పుట్టర్ తల అంతగ తిరగది.

తర్వాత నిలబడుడు. ముక్కు మొదట్ల నుంచి ఇంకో బాల్ ఇడిస్తే కింద బాల్ మీదనో, దానికి కొంచెం ఇవతలనో పడాలె. గ్రిప్ గట్టిగ పిసుకొద్దు, మణికట్టు కదలొద్దు, భుజాలే ఊగాలె.

ఇగ అసలు సంగతి ఫేస్. హోల్ వెడల్పు 4.25 అంగుళాలే, 10 అడుగుల నుంచి ఫేస్ ఒక్క డిగ్రీ తిరిగినా బాల్ దాదాపు 2 అంగుళాలు పక్కకు పోతది, అంటే హోల్ అంచుకు! నాకు రెండేండ్లు బాల్ ఎడమకే పోయేది, నేనేమో కాళ్లు మార్చుకుంట, పుట్టర్ మార్చుకుంట తిరిగిన, తప్పంత కొట్టేటప్పుడు ఫేస్ మూసుకునుడే (ఎడమకు తిరుగుడే) అని తర్వాత తెలిసింది. బాల్ చుట్టూ మార్కర్‌తోని గీత గియ్యండి, ఆ గీతను జంపఖానా చారకు కలిపి పెట్టి కొట్టండి, సక్కగ తగిలితే గీత గీత లెక్కనే దొర్లుతది, ఫేస్ తిరిగితే రెండు మూడు దొర్లుల్లనే ఊగులాడుతది, మీరే చూస్తరు. అటెన్క అడుగు దూరంల రెండు పెన్సిల్ సెల్లులు నిలబెట్టి నడుమ 6 సెంటీమీటర్ల సందు ఇడవండి, బాల్ 4.3 సెంటీమీటర్లుంటది, సెల్లు పడకుంట వరుసగ పది పోవాలె.

స్పీడ్ మాత్రం ఇంట్ల నేర్చుకోవద్దు, జంపఖానా వేగం వేరే, గడ్డి వేగం వేరే. కోర్సుకు పోయిన్నాడు ప్రాక్టీస్ గ్రీన్ (పుటింగ్ కోసం పొట్టిగ కోసిన గడ్డి) మీద మొదటి పది నిమిషాలు హోల్ చూడకుంట, వేరే వేరే దూరాలకు కొట్టుకుంట ఉండండి.

జంపఖానా ఉతికినంక చార వంకరపోయిందేమో దారం గుంజి ఒకసారి చూస్కోండి.