ఘాట్ రోడ్డు వీడియో మీద స్పీడ్, మ్యాప్ పెట్టే ముందు
మన్ననూరు దాటి శ్రీశైలం దాకా బండి మీద తీసిన వీడియోలో స్పీడ్ మీటర్ రావట్లేదని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టే ముందు, అసలు కెమెరాలో జీపీఎస్ ఉందో లేదో చూడండి, స్పీడ్, మ్యాప్ వచ్చేది ఆ డేటా నుంచే, గోప్రో హీరో 12లో అది లేనే లేదు, 13లో మళ్లీ ఇచ్చారు. ఉంటే ఆన్ చేసి, ఆకాశం కనిపించే చోట సిగ్నల్ దొరికాకే రికార్డింగ్ నొక్కాలి.

మెమరీ కార్డులోని ఒరిజినల్ ఫైలే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చింది వద్దు, దాంట్లో జీపీఎస్ డేటా మిగలదు. పని అయ్యేదాకా కార్డు ఫార్మాట్ కొట్టకండి.

ఫోన్‌లోని జీపీఎక్స్ ఫైల్ (వెళ్లిన దారి, టైమ్ రికార్డయిన ఫైల్) వీడియోకి కలుపుతున్నారా? దాంట్లో టైమ్ మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనది 5:30 గంటలు ముందు, కాబట్టి మ్యాప్ మీద చుక్క ఎక్కడో తిరుగుతుంటే ముందు అదే సరిచేయండి. నల్లమల చెట్ల కింద స్పీడ్ కాస్త అటూఇటూ ఎగరడం మాత్రం మామూలే, టెన్షన్ వద్దు.