వాక్యం చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: కొండయ్య, కొండ, కొరింథు పునాది

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. పునాది, బండ, మూలరాయి అనే మాటలు కొత్త నిబంధనలో ఎక్కడెక్కడ వస్తాయో వెతికి, 'సంఘానికి పునాది ఎవరు' అనే ప్రశ్నకు ఒక పేజీ జవాబు రాయమన్నాను. మీరు పంపినవి చదివాక ఈ వారానికి అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. రోమా పత్రిక సంగతి వచ్చేసారి.

ఒకరు ఏకంగా ఇంటి ప్లాన్ గీసి పంపారు. అడుగున క్రీస్తు అనే ఫుటింగ్. దాని మీద అపొస్తలులనే ప్లింత్ బీమ్. ఒక మూలన మళ్లీ క్రీస్తు. మధ్యలో పేతురు అనే పిల్లరు. పక్కన తాపీ పట్టుకుని పౌలు. గీతలు శుభ్రంగా ఉన్నాయి, రంగులు కూడా వేశారు. కానీ ఆ ఇంట్లో క్రీస్తు రెండు చోట్ల ఉన్నాడు, పేతురు ఎక్కడ పెట్టినా ఇమడడం లేదు. ఇంకో ఇద్దరైతే యేసు పేతురుతో 'ఈ బండమీద నా సంఘమును కట్టుదును' అన్న మత్తయి 16:18, పునాది యేసు క్రీస్తే అని పౌలు రాసిన 1 కొరింథీ 3:11 ఎదురెదురుగా రాసి, 'ఏది నిజం సార్?' అని అడిగారు. తప్పు నాది. పోగు చేయమన్నాను గానీ, కలిపి ముద్ద చేయొద్దని చెప్పలేదు.

కాబట్టి ఈ పాఠానికి ఒకటే సూత్రం. ఒక్కో రచయిత ఒక్కో ఇల్లు కడుతున్నాడు. ఒక ఇంటి రాయి తీసి ఇంకో ఇంట్లో పెట్టకండి. ముందు ఆ ఇంట్లో కట్టేది ఎవరు, రాయి ఎవరు, ఏ గొడవ తీర్చడానికి ఈ పోలిక తెచ్చారు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండూ వాటంతట అవే తేలతాయి.

1 కొరింథీయులకు రాసిన పత్రికలో మేస్త్రీ పౌలు, పునాది క్రీస్తు. ఎఫెసీయుల పత్రికలో పునాది అపొస్తలులు, ప్రవక్తలు, క్రీస్తు మూలరాయి. ప్రకటన 21:14లో పట్టణపు ప్రాకారానికి పన్నెండు పునాదులు, వాటి మీద పన్నెండుమంది అపొస్తలుల పేర్లు. మత్తయి 16లో క్రీస్తు రాయి కాదు, కట్టేవాడు: 'నా సంఘమును కట్టుదును' అంటున్నాడు. మత్తయి 7లో బండ మీద ఇల్లు కట్టుకున్నవాడు ఆయన మాట విని ఆ ప్రకారం చేసేవాడు. అక్కడ సంఘం ఊసే లేదు. మొదటి పేతురు పత్రికలో క్రీస్తు సజీవమైన రాయి, మనమూ సజీవమైన రాళ్లమే. ఇవి ఒకదానితో ఒకటి పోట్లాడవు, ఎందుకంటే ఇవి ఒకే ఇల్లు కావు.

ఎఫెసీ 2:20 దగ్గర చిన్న హెచ్చరిక. మనం ఎక్కువగా చదివే పాత తెలుగు అనువాదంలో అపొస్తలులు, ప్రవక్తలు 'వేసిన' పునాది అని ఉంటుంది. గ్రీకులో 'వేసిన' లేదు, 'అపొస్తలుల, ప్రవక్తల పునాది' అని మాత్రమే ఉంది. వాళ్లు వేసిన పునాదా, వాళ్లే పునాదా అనేది చదివేవాడు తేల్చుకోవాలి. అనువాదకులు మన బదులు తేల్చేశారు. దాన్ని తప్పనను, కానీ అది తేల్చిన మాట అని తెలిసి చదవాలి.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఇదే ఉంది కాబట్టి తీరిగ్గా చెబుతాను.

'గ్రీకులో పెత్రోస్ అంటే చిన్న గులకరాయి, పెత్రా అంటే పెద్ద బండ. యేసు పేతురును గులకరాయి అన్నాడు, తనను బండ అన్నాడు. కాబట్టి సంఘం పేతురు మీద కాదు, క్రీస్తు మీద కట్టబడింది.' ఈ మాట మీరు ఏదో యూత్ మీటింగులో విని ఉంటారు. నేనూ ఇరవై ఏళ్ల వయసులో విన్నాను, ఇంకో పదేళ్లు నేనే చెప్పాను. చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. అక్కడికి చేరిన దారితోనే పేచీ.

మన ఊళ్లో కొండయ్య అనే పేరు ఉందా లేదా? కొండ అనే మాటకు 'అయ్య' చేరిస్తే మగవాడి పేరు అయింది. ఎవరైనా వచ్చి, 'కొండ అంటే పెద్దది, కొండయ్య అంటే చిన్న గుట్ట' అంటే మీరు నవ్వరా? గ్రీకులో జరిగింది కూడా ఇలాంటిదే. పెత్రా స్త్రీలింగం. మగవాడికి ఆ పేరు పెట్టలేరు గనుక చివర మార్చి పెత్రోస్ అన్నారు. పాత గ్రీకు కవిత్వంలో పెత్రోస్ అంటే రాయి, పెత్రా అంటే బండ అనే తేడా కొంత కనిపిస్తుంది, నిజమే. కానీ సువార్తలు రాసిన కాలపు వాడుక గ్రీకులో చేతిలో పట్టే రాయికి మామూలు మాట 'లిథోస్'. మత్తయి గులకరాయి అనాలనుకుంటే ఆ మాట ఉంది, అనలేదు.

అసలు ఆ మాటలు అన్నప్పుడు యేసు గ్రీకు మాట్లాడి ఉంటాడా? ఆయన ఇంటి భాష అరామిక్. అందులో ఆ పేరు కేఫా. యోహాను 1:42 ఈ పేరు చెప్పి, దానికి అర్థం కూడా చెబుతుంది. పౌలు కూడా కొరింథీయులకు రాసేటప్పుడు 'కేఫా' అనే అంటాడు. అరామిక్‌కు దగ్గరి చుట్టమైన సిరియా భాషలో ఉన్న పెషిత్తా అనువాదం తీసి మత్తయి 16:18 చూస్తే రెండు చోట్లా ఒకే మాట ఉంటుంది. 'నువ్వు కేఫా, ఈ కేఫా మీద.' ఇప్పుడు గులకరాయి ఏది, బండ ఏది?

కాబట్టి ఆ ఒక్క వాక్యంలో బండ అంటే, అంతకు ముందే 'నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు' అని ఒప్పుకున్న పేతురే అని నాకు అనిపిస్తుంది. ఇలా అన్నందుకు మా సంఘంలో ఒకరిద్దరు నా వైపు అదోలా చూశారు. చూడనివ్వండి. ఐదు వచనాలు దాటగానే ఇదే పేతురుతో యేసు 'సాతానా, నా వెనుకకు పొమ్ము, నీవు నాకు అభ్యంతర కారణమై యున్నావు' అంటాడు. అక్కడి గ్రీకు మాట స్కాందలోన్, అంటే కాలికి అడ్డం పడేది. బండ తడబడే రాయి కావడానికి ఐదు వచనాలు చాలాయి. ఈ సంగతి చూసినవాడికి పేతురు గొప్పతనం గురించి గులకరాళ్ల లెక్కలు అక్కర్లేదు.

కాథలిక్ చదువరులు కూడా ఈ పాఠాలు చదువుతున్నారని తెలుసు. రోమ్‌లోని పేతురు బసిలికాలో గోపురం లోపలి అంచు చుట్టూ ఇదే వచనం లాటిన్‌లో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. శ్రీసభ, అంటే కాథలిక్ సంఘం, దాన్నుంచి పేతురు వారసుల అధికారం చదువుతుంది. అది ఆ వచనానికి ఇంకో మూడు మెట్లు కలిపిన వాదన. ఆ మెట్లను విడిగా చూడాలి, వచనంలోనే ఉన్నాయనుకోకూడదు. ఇక్కడ నాకు నచ్చే మనిషి తొలి శతాబ్దాల పేరున్న సంఘ బోధకుడు అగస్టీను. ముసలితనంలో, క్రీ.శ. 426–427 ప్రాంతంలో, తన పాత రాతలన్నీ తిరగేస్తూ ఆయన ఒక మాట రాసుకున్నాడు: ఒకప్పుడు బండ పేతురే అన్నాను, తరువాత పేతురు ఒప్పుకున్న క్రీస్తే బండ అన్నాను, ఈ రెండిట్లో ఏది మేలో చదివేవాడే ఎంచుకోవాలి అని. అంతటివాడే తలుపు తీసి ఉంచితే మనం గడియ పెట్టడం ఎందుకు?

సరే, అసలు పాఠానికి వద్దాం. 1 కొరింథీ 3. మూడో ప్రశ్న ముందు: ఏ గొడవ?

నా అలవాటు ఒకటి చెబుతాను. అధ్యాయం మొదటి నుంచి కాకుండా ముందు 'కాబట్టి' ఎక్కడుందో వెతుకుతాను. ఇక్కడ 21వ వచనంలో ఉంది. 'కాబట్టి ఎవడును మనుష్యులయందు అతిశయింపకూడదు.' అంటే పునాది గురించిన మాటలన్నీ ఈ ఒక్క 'కాబట్టి' కోసం వచ్చాయి. కొరింథులో కొందరు పౌలు వాళ్లం, కొందరు అపొల్లో వాళ్లం, కొందరు కేఫా వాళ్లం అంటున్నారు. నాలుగో గుంపు క్రీస్తు వాళ్లం అంటోంది, అది కూడా గుంపే. పౌలు ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు (అపొ. కా. 18:11). తరువాత అపొల్లో వచ్చాడు, మాటకారి. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి పౌలు ఈ పత్రిక రాసేసరికి ఊళ్లో జట్లు కట్టారు.

ఇది మనకు కొత్తగా ఉంటుందా? నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో, మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషనరీలు 1841లో, గుంటూరులో లూథరన్లు 1842లో పని మొదలుపెట్టారు. మీ తాతల నాటి ఊరు ఏ జిల్లాలో ఉందో చెబితే మీ ఇంటి సంఘం పేరు చాలాసార్లు చెప్పేయవచ్చు. ఏ సిద్ధాంతమూ చదివి ఎంచుకున్నది కాదు, ఏ దొర ముందు వచ్చాడో అది. ఆ జట్లను కొంతైనా కలపడానికి 1947 సెప్టెంబరు 27 దాకా పట్టింది. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన రోజు అది. బాప్టిస్టులు, లూథరన్లలో చాలామంది అప్పటికీ బయటే ఉన్నారు.

కొరింథు సంగతి ఇంకోటి తెలిస్తే పోలిక ఇంకా బాగా పట్టుబడుతుంది. ఆ ఊరిని రోమన్లు క్రీ.పూ. 146లో నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని వలస నగరంగా మళ్లీ మొదలుపెట్టించాడు. అంటే పాత పునాదులు, శిథిలాలు, వాటి మీద కొత్త కట్టడాలు కొరింథువాళ్లు రోజూ చూసేవే. 'వేయబడినది తప్ప మరియొక పునాది ఎవడును వేయనేరడు. ఈ పునాది యేసు క్రీస్తే' అన్నప్పుడు పౌలు తత్వం చెప్పడం లేదు. కూలి మాట్లాడుకోవడానికి వచ్చిన రెండో మేస్త్రీతో మాట్లాడుతున్నాడు: పునాది పడింది బాబూ, నువ్వు గోడ లేపు, కానీ చూసి లేపు.

ఆ తరువాత వచ్చే కట్టుబడి సామాను జాబితాలో 'కొయ్యకాలు' అనే మాట ఉంది. ముగ్గురు దీన్ని కొయ్యతో చేసిన కాలు అనుకున్నారు. వరి కోశాక మడిలో మిగిలే మోళ్లు అవి. నిప్పు తగిలితే ఎంతసేపు? ఆ నిప్పు పరీక్ష కూడా ముందుగా బోధకుల పనికే, మీరు నిన్న చేసిన మంచి చెడ్డలకు కాదు. అలాగే 16వ వచనంలో 'మీరు దేవుని ఆలయము' అన్న 'మీరు' గ్రీకులో బహువచనం, అంటే సంఘమంతా. తెలుగులో ఒక్కరినైనా మీరు అంటాం గనుక ఇది మనకు కనబడదు. సిగరెట్ మాన్పించడానికి ఈ వచనం వాడతారు. దానికి మన దేహమే ఆలయం అనే 6:19 ఉంది, అది వాడుకోండి.

మూలరాయి గురించి ఒక్క మాట చెప్పి అభ్యాసం ఇస్తాను. శంకుస్థాపన ఫలకం లాంటిది అనుకుంటారు చాలామంది. కాదు. మా నాన్న తాపీ మేస్త్రీ. రాతి గోడ కట్టేటప్పుడు ముందు మూల కుదిర్చేవాడు. అక్కడి నుంచి రెండు వైపులకూ దారం లాగేవాడు. మూల అంగుళం తప్పితే రెండు గోడలూ తప్పినట్టే. ఇప్పుడు అందరి ఇళ్లూ పిల్లర్ల మీద లేస్తున్నాయి గనుక పిల్లలకు ఇది చెప్పినా అర్థం కాదు. యెషయా 28:16లో దేవుడు సీయోనులో రాయి వేస్తానంటాడు. మీలో ఒక్కరు కూడా 17వ వచనం చదవలేదు. అక్కడ న్యాయం కొలనూలు, నీతి మట్టపు గుండు. రాయి వేశాక దారం, గుండు తీయకుండా ఉంటాడా మేస్త్రీ?

మూలరాయి కాదు, పైకప్పు మీద చివర పెట్టే రాయి అనే వాదన కూడా ఉంది. కీర్తన 118:22లో 'తలరాయి' అనే మాట వల్ల అది వచ్చింది. కానీ 1 పేతురు 2:8లో జనం ఆ రాయి తగిలి తొట్రిల్లుతారు. పైకప్పు మీది రాయి ఎవరి కాలికి తగులుతుంది?

అభ్యాసం. ఎఫెసీ 2:11–22 వచనాల అంకెలు లేకుండా చేత్తో రాయండి. టైప్ చేయొద్దు. రాసింది రోజుకొకసారి ఏడు రోజులు పైకి చదవండి. ఎనిమిదో రోజు రెఫరెన్సులు చూడకుండా రాయండి: మూలరాయి కలిపే ఆ రెండు గోడలు ఎవరు? 14వ వచనంలో పడగొట్టిన 'మధ్యగోడ' ఏది? సాయంగా ఒక్క సంగతి ఇస్తాను. యెరూషలేము దేవాలయంలో అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, ఒక అడ్డుగోడ దాటకూడదు, దాటితే చావే అని గ్రీకులో చెక్కిన రాతి ఫలకం 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అంతకంటే చెప్పను. వీలైతే మీ వీధిలో ఒక పెద్ద మేస్త్రీని పట్టుకుని మూల ఎలా కుదురుస్తారో అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి. ప్లాన్లు మాత్రం గీయకండి.