నెలసరి ఆలస్యమైందా? ముందు ఇవి చూసుకోండి

నెలసరి మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలయ్యే రోజు దాకా లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో సాధారణంగా ఇది 21 నుంచి 35 రోజులు. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే కంగారు అక్కర్లేదు.

తేదీ దాటింది, గర్భం వచ్చే అవకాశం ఉంది

జాగ్రత్తలు తీసుకున్నా సరే, మొదట ప్రెగ్నెన్సీ టెస్ట్. ఉదయం మొదటి మూత్రంతో చేయండి. కిట్ మీద రాసిన సమయం లోపల రెండో గీత లేతగా వచ్చినా పాజిటివ్ అనే అనుకోవాలి. 'సి' దగ్గర గీతే రాకపోతే ఆ కిట్ పనిచేయలేదు, ఇంకోటి వాడండి. నెగటివ్ వచ్చి, నెలసరీ రాకపోతే వారం తర్వాత మళ్లీ చూడండి. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. గర్భం గర్భాశయంలో కాకుండా ట్యూబులో నిలిచి ఉండొచ్చు.

టెస్ట్ నెగటివ్, ఈ మధ్య టెన్షన్, జ్వరం, నిద్రలేమి

అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఒత్తిడి వల్ల మెదడు నుంచి అండాశయాలకు వెళ్లే సంకేతాలు తగ్గి అండం ఆలస్యంగా విడుదలవుతుంది, దాంతో తేదీ జరుగుతుంది. అందుకే ఈ వారం సంగతి కాదు, మూడు నాలుగు వారాల కిందట ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. తిండి బాగా తగ్గించినా, వ్యాయామం మితిమీరినా ఇదే తంతు. కడుపునిండా తిని, నిద్రపోతే చాలామందికి అదే సర్దుకుంటుంది.

ఎప్పుడూ ఆలస్యమే, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) కావచ్చు. బరువు ఎక్కువుంటే 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరిలో నెలసరి దారిలో పడుతుంది. డాక్టర్‌ను కలిసి రక్తపరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేయించుకోండి.

నీరసం, చలి, జుట్టు రాలడం

థైరాయిడ్ పరీక్ష చేయించండి. పాలివ్వకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తుంటే ప్రొలాక్టిన్ (పాలు వచ్చేలా చేసే హార్మోన్) కూడా చూడాలి.

మందుల తర్వాత మార్పు

అత్యవసర గర్భనిరోధక మాత్ర తేదీని వారం వరకు జరపొచ్చు. అది కూడా దాటితే టెస్ట్ చేయాలి. గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకుంటే నెలసరి పూర్తిగా ఆగిపోవడమూ మామూలే.

నెలసరి రప్పించే మాత్రలు సొంతంగా మింగొద్దు. రక్తం కనిపించినా, అసలు కారణం లోపలే ఉండిపోతుంది. వరుసగా మూడు నెలలు రాకపోయినా, 40 ఏళ్ల లోపే ఆగిపోయినట్టు అనిపించినా, 15 ఏళ్లు నిండినా మొదలు కాకపోయినా గైనకాలజిస్టును కలవండి. గత కొన్ని నెలల తేదీలు, వాడుతున్న మందుల పేర్లు రాసుకుని వెళ్లండి.