జింకల ఫీడర్ మొరాయిస్తే

సాయంత్రం ఆరయింది. జింకలు వచ్చి చెట్ల అంచున నిలబడ్డాయి. డ్రమ్ము నిండా మొక్కజొన్న ఉంది, ఒక్క గింజ రాలలేదు. అమెరికాలోని టెక్సస్ హిల్ కంట్రీలో, అంటే అక్కడి కొండ ప్రాంతంలో, కాస్త నేల కొని ఫీడర్ (వేళకి మేత విసిరే యంత్రం) పెట్టుకున్న ఎవరికైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. నా మొదటి ఏడాదిలో మూడుసార్లు అయింది.

చూడబోతే అందులో ఉన్నవి ఐదే వస్తువులు: డ్రమ్ము, గరాటు, కింద తిరిగే పళ్ళెం, దాన్ని తిప్పే మోటారు, టైమరున్న బ్యాటరీ పెట్టె. టైమర్ చెప్పిన వేళకి పళ్ళెం కొన్ని సెకన్లు తిరిగి గింజల్ని చుట్టూ విసురుతుంది, అంతే. చెడేది ఎక్కువగా ఆ పెట్టెలోనో, గరాటు మూతి దగ్గరో.

పళ్ళెం అసలు తిరగట్లేదు

ముందు బ్యాటరీని అనుమానించండి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 పైన చూపిస్తుంది. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ అయినట్టే. 6 వోల్టుల బ్యాటరీ అయితే ఇందులో సగం లెక్క. ఇక్కడే చాలామంది మోసపోతారు: ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించిన ముసలి బ్యాటరీ, మోటారు తిరగబోయేసరికి చతికిలబడుతుంది. అందుకే టెస్ట్ బటన్ నొక్కి, మోటారు లాగుతుండగా రీడింగ్ చూడండి. అప్పుడు బాగా పడిపోతే చార్జింగ్‌తో లాభం లేదు, మార్చాల్సిందే. వేసవంతా ఖాళీగా వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మళ్ళీ సరిగ్గా చార్జ్ పట్టదు.

బ్యాటరీ బాగుంటే మోటారు వైర్లని టైమర్ నుంచి ఊడదీసి నేరుగా బ్యాటరీకి తాకించండి. పళ్ళేనికి చేతులు దూరంగా ఉంచండి. తిరిగిందంటే మోటారు మంచిదే, తప్పు టైమర్‌దో కనెక్షన్లదో. కనెక్టర్ల మీద ఆకుపచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంటే గీకి శుభ్రం చేయండి.

పెట్టె తెరిచేటప్పుడు జాగ్రత్త. ఇక్కడి ఫైర్ యాంట్స్, అదే కుట్టే ఎర్రచీమలు, కరెంటు పెట్టెల్లో కాపురం పెట్టడానికి ఇష్టపడతాయి. వైర్లు వెళ్ళే కన్నాలు సిలికాన్‌తో మూసేయండి. కొనేటప్పుడే మూత చుట్టూ రబ్బరు అంచున్న పెట్టె చూసుకోండి. నన్నడిగితే టైమర్‌కి బ్లూటూత్ ఉండడం కంటే ఆ రబ్బరు ముఖ్యం.

సోలార్ ప్యానెల్ ఉండీ బ్యాటరీ అయిపోతోందా? ప్యానెల్ దక్షిణానికి తిరిగి ఉందో లేదో, ఓక్ చెట్టు నీడ పడుతోందో చూడండి. బ్యాటరీ 6 వోల్టులదైతే ప్యానెల్ కూడా 6 వోల్టులదే కావాలి. 12 వోల్టులది తగిలిస్తే బ్యాటరీ ఉడికిపోతుంది.

తిరుగుతోంది, గింజ మాత్రం రావట్లేదు

గరాటు మూతిలో ఏదో అడ్డం పడింది. చౌక మొక్కజొన్నలో కండె ముక్కలు, దుమ్ము ఎక్కువ. మట్టితో గూళ్ళు కట్టే కందిరీగలు కూడా ఆ మూతిని వదలవు. డ్రమ్ము మూత సరిగ్గా పడకపోతే వాన నీళ్ళు దిగి గింజ గడ్డకడుతుంది. కొట్టి లాభం లేదు, మొత్తం దించి శుభ్రం చేయాలి. శుభ్రం చేసి జల్లించిన మొక్కజొన్నకి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ప్రొటీన్ పెల్లెట్లు (మేత గుళికలు) ఇందులో పోయకండి, తేమకి ఉబ్బి ముద్దవుతాయి. వాటికి మోటారు లేని గ్రావిటీ ఫీడర్ మేలు.

గరాటు మూతికీ పళ్ళేనికీ మధ్య సందు కూడా చూడండి. మరీ తక్కువైతే గింజ ఇరుక్కుంటుంది, ఎక్కువైతే గాలికి ఊగినా రాలిపోతుంది.

వేళ తప్పుతోంది

మార్చిలో, నవంబరులో గడియారం గంట అటూ ఇటూ జరుపుతాం, టైమర్‌కి ఆ సంగతి తెలీదు. ఇంకోటి, ఏఎం బదులు పీఎం పెట్టడం. నవ్వకండి, నేనూ చేశాను. గడియారం మాటిమాటికీ పన్నెండుకి వచ్చేస్తుంటే మళ్ళీ బ్యాటరీ దగ్గరికే వెళ్ళండి. మోటారు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి టైమర్ రీసెట్ అవుతోంది.

నెల రావాల్సిన మేత వారంలో అయిపోతోంది

తింటున్నది జింకలు కాదు. రకూన్లు (రాత్రిపూట తిరిగే చిన్న జంతువులు) ఫీడర్ కాళ్ళ మీదుగా ఎక్కి పళ్ళేన్ని చేత్తో తిప్పుకుంటాయి. పళ్ళెం చుట్టూ ఇనుప జాలీ బిగిస్తే ఆగుతాయి. కింద నేల దున్నినట్టుంటే అడవిపందులు వస్తున్నట్టు. 34 అంగుళాల ఎత్తు, 16 అడుగుల పొడవు ఉండే హాగ్ ప్యానెళ్ళు (పందులకి అడ్డం కట్టే ఇనుప కడ్డీల జాలీలు) ఐదారు తెచ్చి గుండ్రంగా కట్టండి. పెద్ద జింకలు అలవోకగా దూకుతాయి, పందులు మామూలుగా దూకవు. వలయం ఇరుకైతే జింకలు కూడా లోపలికి రావడానికి జంకుతాయి.

గింజకి బూజు వాసన

పారేయండి. ఇందులో బేరం లేదు. వేరుశెనగ పండించిన ఇళ్ళవాళ్ళకి అఫ్లాటాక్సిన్ అంటే చెప్పక్కర్లేదు. అదే బూజు, అదే విషం. జింకలకే కాదు, కింద ఏరుకు తినే టర్కీలకీ క్వెయిల్ పిట్టలకీ ఇంకా ప్రమాదం. సంచి మీద అఫ్లాటాక్సిన్ 20 పీపీబీ (వంద కోట్ల పాళ్ళలో 20 పాళ్ళు) లోపు అని రాసి ఉన్నది కొనండి. వేసవిలో, తేమ రోజుల్లో డ్రమ్ము నిండా పోయకుండా కొంచెం కొంచెంగా నింపండి.

అన్నీ బాగున్నాయి, జింకలే రావట్లేదు

శరదృతువులో ఓక్ కాయలు రాలితే మొక్కజొన్న వైపు చూడవు. ఏమీ రిపేరు చేయకండి, ఆగండి.

వస్తున్న వాటిలో ఏదైనా బక్కచిక్కి, చొంగ కారుస్తూ తూలుతుంటే ఫీడర్ ఆపి రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఫోన్ చేయండి. సీడబ్ల్యూడీ అనే మందులేని జబ్బు కావచ్చు. టెక్సస్ అడవి జింకల్లో 2012లో మొదట బయటపడింది. చొంగ ద్వారా కూడా అంటుతుంది కాబట్టి, పది మూతులు ఒకచోట చేరే ఫీడర్ దానికి అనుకూలం. టెక్సస్‌లో సొంత స్థలంలో మేత పెట్టొచ్చు గానీ, కొన్ని రాష్ట్రాల్లో నిషేధం. వేరే రాష్ట్రంలో ఉంటే డ్రమ్ము కొనకముందే అక్కడి రూలు చూసుకోండి.