హోమ్ థియేటర్ కంప్యూటర్‌కు చిన్న సౌండ్ కార్డ్ ఎంచుకోవడం ఎలా?

టీవీ కింద పెట్టుకొనే చిన్న కంప్యూటర్‌కు సౌండ్ కార్డ్ కొనేముందు మొట్టమొదట ఆంప్లిఫయర్‌ను గోడ దగ్గరి నుంచి ముందుకు జరిపి, దాని వెనుక ఏయే ఇన్‌పుట్లు ఉన్నాయో చూసుకోవాలి. ఎలాంటి కార్డు కావాలో, అసలు కార్డు అవసరమో కాదో ఆ ఇన్‌పుట్లను బట్టే తేలుతుంది. ఈ పరిశీలన చేయకుండా తిరుపతి నుంచి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లి మంచి కార్డు తెచ్చుకున్నా, ఇంట్లో అది పనికిరాకుండా పోవచ్చు.

ఆంప్లిఫయర్‌కు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే సౌండ్ కార్డ్ కొనవద్దని నా స్పష్టమైన సలహా. కంప్యూటర్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మతో పాటు ఎనిమిది చానెళ్ల శబ్దాన్ని కుదించకుండా పంపగలదు. బ్లూ-రే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ వంటివి కూడా ఆ దారిలోనే ఆంప్లిఫయర్‌కు చేరతాయి. ఇక్కడ శబ్దాన్ని విప్పే పని ఆంప్లిఫయర్‌దే కాబట్టి, కార్డుకు పెట్టే డబ్బు స్పీకర్లకు పెడితే తేడా చెవికి తెలుస్తుంది. అయితే కంప్యూటర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే ఆంప్లిఫయర్‌కు తిప్పి పంపే ఏర్పాటు) ద్వారా శబ్దం పంపేటట్లయితే సాధారణంగా కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) వరకే సాధ్యమవుతుంది. ఆపై స్థాయి శబ్దానికి 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లోని ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి మెరుగైన రూపం) అటు టీవీలోనూ ఇటు ఆంప్లిఫయర్‌లోనూ ఉండాలి.

ఆంప్లిఫయర్‌కు ఆప్టికల్ (శబ్దాన్ని కాంతి రూపంలో తీసుకొనే) ఇన్‌పుట్ మాత్రమే ఉంటే, ముందు మదర్‌బోర్డ్ వెనుక ఆ పోర్టు ఇప్పటికే ఉందేమో వెతకాలి. లేకపోతే ఆప్టికల్ అవుట్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ కార్డు సరిపోతుంది. ఆప్టికల్ తీగలో కుదించని శబ్దమైతే రెండు చానెళ్లు, లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 మాత్రమే పడతాయి. చాలా సినిమా ఫైళ్లలో 5.1 ట్రాక్ ముందే ఇలా కుదించి ఉంటుంది కనుక ప్లేయర్‌లో పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే సెట్టింగు) పెట్టుకుంటే చాలు. కంప్యూటర్ ఆటల శబ్దం అలా రాదు, దానిని అప్పటికప్పుడు కుదించి పంపాలి. ఆటలు కూడా ఆడే ఇంట్లో ఈ పని చేసే డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ ఉన్న కార్డునే అడగాలి.

ఇక ఆరు ఆర్‌సీఏ (ఒక్కో చానెల్‌కు ఒక్కో గుండ్రని పిన్ను గుచ్చే) ఇన్‌పుట్లతో స్థానికంగా తయారుచేయించుకున్న 5.1 సెట్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. వాటికి కంప్యూటర్ నుంచి మూడు అనలాగ్ జాక్‌లు కావాలి. మదర్‌బోర్డ్ వెనుక మూడే రంధ్రాలు ఉన్నా, వాటిలో రెండు మైక్‌కూ లైన్ ఇన్‌కూ కేటాయించి ఉన్నా నిరాశపడవలసిన పనిలేదు: చాలా బోర్డుల్లో డ్రైవర్ సెట్టింగుల ద్వారా ఆకుపచ్చ జాక్‌ను ముందు స్పీకర్లకు, నీలాన్ని వెనుక స్పీకర్లకు, గులాబీ రంగు జాక్‌ను సెంటర్, సబ్‌వూఫర్‌లకు మార్చుకోవచ్చు. ఒకే హెడ్‌ఫోన్ రంధ్రమున్న మినీ కంప్యూటర్లకు ఈ వీలు లేదు. ఈ సెట్ల విషయంలో నిజంగా కార్డు అవసరమయ్యేది అలాంటివాటికే.

అనలాగ్ కోసం కొనే యూఎస్‌బీ కార్డు విషయంలో పెట్టె మీద ఉన్న అంకెను నమ్మకూడదు. '7.1' అని పెద్ద అక్షరాలతో రాసి, ఒక హెడ్‌ఫోన్ రంధ్రం, ఒక మైక్ రంధ్రం మాత్రమే ఉన్న చవక కార్డులు బజారులో ఎక్కువగా కనిపిస్తాయి. వాటి నుంచి వచ్చేది రెండు చానెళ్ల శబ్దమే, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ కల్పించే భ్రమ. ఒక్కో స్టీరియో జాక్‌లో రెండు చానెళ్లే పడతాయి కాబట్టి 5.1కు మూడు, 7.1కు నాలుగు అవుట్‌పుట్ జాక్‌లు ఉండాలని లెక్కపెట్టి కొనాలి. ఇంట్లో ప్రధానంగా సంకీర్తనలూ పాత పాటలూ వినేవారికి ఈ లెక్కతో పనిలేదు. వారికి శుభ్రమైన రెండు చానెళ్ల యూఎస్‌బీ డాక్ (DAC: డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న పరికరం) చాలు.

క్యాబినెట్ లోపల బిగించే కార్డే కావాలనుకుంటే, అది మదర్‌బోర్డ్‌పై ఇప్పటి స్లాట్‌లో పట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డా, పాత పీసీఐ కార్డా అన్నది ముందు చూడాలి. పాతది కొత్త బోర్డుల్లో పట్టదు. సన్నని క్యాబినెట్‌కు లో ప్రొఫైల్ (పొట్టి) బ్రాకెట్, అంటే కార్డును క్యాబినెట్‌కు బిగించే రేకు, అవసరం: మామూలు బ్రాకెట్ ఎత్తు దాదాపు 120 మిల్లీమీటర్లు, లో ప్రొఫైల్‌ది దాదాపు 80. పొట్టి బ్రాకెట్ పెట్టెలోనే ఇస్తున్నారా అని దుకాణంలోనే తెరిపించి చూడండి, విడిగా దొరకడం కష్టం. కొన్ని కార్డులకు పవర్ సప్లై నుంచి వేరే వైరు కూడా కావాలి. పక్కన గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే దాని ఫ్యాన్‌కు గాలి అందేంత ఖాళీ మిగలాలి. తిరుపతి, చిత్తూరు ఎండల్లో ఇరుకు క్యాబినెట్ అసలే వేడెక్కి ఉంటుంది.

స్పీకర్లలో ఎడతెగని గుంయ్ మనే రొద వినిపిస్తున్నందుకే కొత్త కార్డు కొనాలనుకొనేవారు కొంత ఆగాలి. ముందు టీవీకి వచ్చే కేబుల్ వైరును తీసి చూడండి. రొద ఆగితే తప్పు కార్డుది కాదు. కేబుల్ వైరు ఎర్త్‌కూ ఇంటి ఎర్త్‌కూ మధ్య ఏర్పడిన గ్రౌండ్ లూప్‌ది. దీనికి కంప్యూటర్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే బోర్డులోని సాకెట్లకు కలపడం, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించడం, వీలైతే కరెంటును మోయని ఆప్టికల్ తీగకు మారడం మార్గాలు. ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విరగ్గొట్టవద్దు, అది ప్రాణరక్షణకు పెట్టినది.

కార్డును అమర్చిన తరువాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో 5.1 ఎంచుకొని, ఒక్కో స్పీకర్‌ను విడివిడిగా పరీక్షించాలి. సెంటర్‌ను నొక్కినప్పుడు శబ్దం సబ్‌వూఫర్ నుంచి వస్తే, ఆ జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే రెండు ఆర్‌సీఏ పిన్నులను ఒకదాని చోట మరొకటి గుచ్చితే సరిపోతుంది. సంభాషణలు మాత్రమే బొంగురుగా, లోతుగా వినిపించే ఇళ్లలో ముందుగా చూడవలసిన చోటు కూడా ఇదే.